ఏ గుంపులోనూ లేని అత్త

వంగి నిలబడ్డ మనిషి కనిపిస్తే అత్తకి చేతులు ఊరుకోవు. బళ్ళో డ్రిల్లు టీచరుగా జీవితమంతా చేసి రిటైరైన మనిషి. కూరగాయల కొట్టు దగ్గర ముందున్నవాళ్ళు కాస్త గూనిగా కనిపిస్తే చాలు, వెనకనుంచి వీపు మీద రెండు వేళ్ళు ఆనించి "భుజాలు వెనక్కి" అంటుంది. తిరిగి కసురుకున్నవాళ్ళు ఉన్నారు గాని, భుజాలు వెనక్కి పెట్టకుండా కసురుకున్నవాళ్ళు ఇంతవరకు లేరు.

అంతటి అత్త నాలుగేళ్ళ కిందట స్నానాలగదిలో జారిపడింది. మణికట్టు విరిగింది. కట్టు కట్టారు, ఎముక అతుక్కుంది, చెయ్యి మళ్ళీ చెయ్యయింది. భయం మాత్రం పోలేదు. తడి నేల చూస్తే అరికాళ్ళు చల్లబడేవి. ఎవరూ చూడనప్పుడు గోడ పట్టుకుని నడిచేది. ఎవరైనా చూస్తుంటే కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు నటించి, కుర్చీ వీపు చేతికి అందేదాకా జరిగి, అప్పుడు అడుగు వేసేది. వేలమంది పిల్లల్ని నిలబెట్టిన మనిషి, తనకే నిలబడాలంటే భయమని ఎవరితో చెప్పుకుంటుంది? చచ్చినా చెప్పదు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, అత్తా మేనకోడలూ. మేనకోడలి అమ్మానాన్నలు బదిలీల ఉద్యోగాలతో తిరుగుతూ ఉండేవాళ్ళు కాబట్టి ఆ పిల్ల బడి రోజులనుంచీ అత్త దగ్గరే పెరిగింది. పెరిగి ఫిజియోథెరపిస్టయింది. అత్త పడ్డ ఏడాదే యూనివర్సిటీ ఆసుపత్రిలో పీహెచ్‌డీలో చేరి, పెద్దవాళ్ళు ఎందుకు పడిపోతారు, పడకుండా ఏం చెయ్యాలి అన్నదాన్ని పట్టుకుంది. అందరూ జబ్బుల మీద పరిశోధన చేస్తారు, నేను నీమీద చేస్తున్నానత్తా అని నవ్వేది. అత్త కూడా నవ్వేది, ఒక చేత్తో గోడ పట్టుకుని.

తీరా మొదలుపెట్టాక తేలిందేమిటంటే, పరిశోధన చేసేవాళ్ళ బంధువులు అందులో ఉండకూడదట. కమిటీ నియమం. మేనకోడలు ఆ మాట చెప్పినప్పుడు అత్త "నాకెందుకే, నేను రాయిలా ఉన్నాను" అంది. లోపల మాత్రం ఒక చిన్న దీపం ఆరినట్టయింది. ఆ దీపం వెలిగిందని కూడా మేనకోడలికి తెలియదు కాబట్టి, ఆరిందని తెలిసే వీలు లేదు.

పద్ధతి ఇది. చుట్టుపక్కల వీధుల్లోంచి అరవై అయిదు దాటినవాళ్ళని చేర్చుకున్నారు. కంప్యూటరు చీటీలు వేసినట్టు వాళ్ళని రెండు గుంపులు చేసింది. మొదటి గుంపుకి ఇంకో ఫిజియోథెరపిస్టు వారం వారం వ్యాయామాలు నేర్పుతాడు: ఒంటికాలి మీద నిలబడటం, మడమా వేళ్ళూ తాకేలా నడవడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. రెండో గుంపుకి ఇంట్లో జారే కాలిపట్టాలు తీసెయ్యండి, దీపాలు బాగా పెట్టుకోండి అని ఒక కాగితం ఇచ్చి, మామూలుగా ఉండమంటారు. ఆరు నెలలయ్యాక అందరినీ ఒక యంత్రపు పలక మీద ఒంటికాలితో నిలబెడితే, ఎంత ఊగుతున్నారో అది గీత గీసి చూపిస్తుంది. ఆ కొలిచేది మేనకోడలే. ఎవరు ఏ గుంపో ఆమెకి తెలియకూడదు. తెలిస్తే, తెలియకుండానే చెయ్యి ఒకవైపు మొగ్గుతుందట. అందుకని చేరిన ప్రతివాళ్ళ దగ్గరా, ఏ గుంపో, ఏం చేస్తున్నారో కొలిచే అమ్మాయికి చెప్పబోమని సంతకం తీసుకున్నారు.

నెలకోసారి అందరూ రక్తపోటు చూపించుకోవడానికీ, మధ్యలో ఎవరైనా పడ్డారేమో చెప్పడానికీ ఆసుపత్రికి వచ్చేవాళ్ళు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని కూర్చుని విసుక్కునేవాళ్ళు. మేనకోడలికి అన్నం డబ్బా తెచ్చిన అత్తని చూసి ఆ పిల్లే అంది, కాసేపు వాళ్ళతో కబుర్లు చెప్పత్తా, లేచి వెళ్ళిపోకుండా ఉంటారు అని. కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టు అంటే అత్త ఒప్పుకోదు గాని, సరిగ్గా అదే జరిగింది.

మొదట కదిలించింది కండక్టరు గారు. కదిలే బస్సులో ఏదీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కోసిన మనిషి. ఇప్పుడు కదలని స్నానాలగదిలో కొళాయి పట్టుకోనిదే నిలబడలేకపోతున్నానని నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు అత్తకి బాగా తెలిసిన నవ్వు. పక్కనున్న టైలరమ్మ, తనకీ ఒట్టి కాగితమే దక్కిందనీ, రెండు వీధుల అవతల ఉన్న తన చెల్లెలికేమో వ్యాయామాలు నేర్పుతున్నారనీ మూతి ముడుచుకుంది. వరండాలో సగం మంది కాగితంవాళ్ళే.

అత్తకి ఇన్‌స్పెక్టరు గుర్తొచ్చాడు. బళ్ళో పనిచేసినన్నాళ్ళూ ఏటా ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు ఆవిడ చేసే పని ఒకటే. ముందు వరస పిల్లలు ఎలాగూ బాగానే చేస్తారు. పరువు తీసేది వెనక వరసవాళ్ళే. కాబట్టి వాళ్ళని పక్కకి తీసుకెళ్ళి, చెమటలు పట్టేదాకా చేయించి, ఇన్‌స్పెక్టరు ముందు అందరి కాళ్ళూ ఒక్కసారి లేచేలా చూసేది. ఒక్క ఏడు కూడా బడికి చెడ్డపేరు రాలేదు. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు ఆ పలక. పరీక్ష మేనకోడలిది. వెనక వరస కండక్టరూ టైలరమ్మా తక్కినవాళ్ళూ. వీళ్ళు పలక మీద తూలితే, పిల్ల ఇన్నేళ్ళ చదువూ తూలినట్టే కదా?

వ్యాయామాలు ఆవిడకి కంఠతా వచ్చు. ఆ సూచనలు ముసలివాళ్ళకి అర్థమవుతాయో లేదోనని మేనకోడలు ముందుగా చదివి వినిపించింది అత్తకే మరి.

అలా మొదలైంది ఆసుపత్రి వెనక సైకిల్ స్టాండులో డ్రిల్లు. పొద్దున్నే సైకిళ్ళు రాకముందు, పట్టుకోవడానికి ఇనప గొట్టం ఉన్నచోట, కాగితంవాళ్ళంతా వరసగా నిలబడేవాళ్ళు. అత్త వాచ్‌మన్ దగ్గర అడిగి తెచ్చిన కుర్చీ వెనక నిలబడి, దాని వీపు మీద చెయ్యేసి ఆజ్ఞలు ఇచ్చేది. కుడికాలు ఎత్తు. చూపు ఎదురుగా. టైలరమ్మా, నేల మీద సూది పడలేదు, తల పైకి. మొదట్లో గొట్టాన్ని పసిపిల్ల తల్లి వేలు పట్టుకున్నట్టు పట్టుకున్నవాళ్ళు, నెలలు గడిచేసరికి ఒక వేలు ఆనించి, తర్వాత అదీ తీసేసి నిలబడటం నేర్చారు. కండక్టరు ఒకరోజు రెండు చేతులూ గాల్లోకి లేపి, రైట్ రైట్ పోనీ అన్నాడు. అందరూ నవ్వారు. అత్త ఇంటికి వెళ్ళేదాకా నవ్వుకుంటూనే ఉంది.

ఈ సంగతి మేనకోడలికి ఒక్కరూ చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానని టైలరమ్మ కూడా చెప్పలేదు. ఏం చేస్తున్నామో కొలిచే అమ్మాయికి చెప్పకూడదని సంతకం పెట్టారు కదా మరి. నియమమంటే నియమమే.

ఆరు నెలలూ నిండాయి. కొలవడం అయింది. ఎవరు ఏ గుంపో బయటపెట్టే రోజు రానే వచ్చింది. ఆ సాయంత్రం మేనకోడలు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూలబడింది. అత్త గుమ్మం పట్టుకుని, ఏమైందని అడిగింది. రెండు గుంపులూ ఒకేలా ఉన్నాయని చెప్పింది ఆ పిల్ల. అందరూ బాగుపడ్డారు, ఒకళ్ళకొకళ్ళు తీసిపోకుండా.

"అందరూ పాసేనా?" అత్త మొహం మతాబులా వెలిగింది.

మేనకోడలు తల అడ్డంగా ఊపింది. ఓపిగ్గా విడమరిచి చెప్పింది. నేర్పినవాళ్ళూ, నేర్పనివాళ్ళూ ఒకేలా బాగుపడ్డారంటే, నేర్పడం వల్ల ఒరిగిందేమీ లేదని అర్థం. ఈ వ్యాయామాలు దండగ అని రాయాలి. నాలుగేళ్ళ పని చివర్న రాయాల్సిన వాక్యం అదీ. అది చూసి రేపు ఇంకో ఆసుపత్రివాళ్ళు, ఎందుకొచ్చిన ఖర్చు అని వ్యాయామాలు మానేస్తారు కూడా.

అత్తకి కాళ్ళ కింద నేల తడిసినట్టయింది. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఏదో అనబోయి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు లేవు.

మర్నాడు కండక్టరు ఇంటికి వెళ్ళి మొరపెట్టుకుంది. ఆయన తల గోక్కుని, మనం చెప్పకూడదని సంతకం పెట్టాం కదండీ టీచరుగారూ అన్నాడు. నేనేం పెట్టలేదు అంది అత్త. అన్నాక ఆవిడకే ఆ మాట గట్టిగా తగిలింది. నిజమే, తనదగ్గర ఎవరూ సంతకం తీసుకోలేదు. తనని నోరు మూసుకోమన్నవాళ్ళు లేరు. చెప్పకపోతే తప్పించుకున్నట్టే గాని, నియమం పాటించినట్టు కాదు. చెబితే ఈ పిల్ల మళ్ళీ తన మొహం చూస్తుందా అన్నదొక్కటే భయం. తడి నేల భయం దీని ముందు ఏపాటిది.

ఇంటికొచ్చేసరికి మేనకోడలు బల్ల దగ్గర కూర్చుని టైపు చేస్తోంది. అత్త కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఆ వాక్యం రాయకే తల్లీ. అది అబద్ధం. నీ కాగితంవాళ్ళందరికీ నేనే నేర్పాను. సైకిల్ స్టాండులో."

మేనకోడలి వేళ్ళు ఆగిపోయాయి. అత్త ఆపలేదు, ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. ఇన్‌స్పెక్టరు సంగతి, వెనక వరస సంగతి, సంతకాల సంగతి అన్నీ చెప్పింది. నీ పరీక్ష అనుకున్నానే, వాళ్ళు తూలితే నువ్వు ఫెయిలవుతావనుకున్నానే అంది. ఆ సగం మందీ ఏం పాపం చేశారని కూడా అనిపించిందని చివర్న చెప్పింది.

ఆ పిల్ల అరవలేదు. అరిచినా బాగుండేది. కంప్యూటరు మూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చింది. అన్నం తింది. గిన్నెలు తోమింది. పడుకోబోయే ముందు మంచినీళ్ళ చెంబు ఎప్పటిలాగే అత్త మంచం పక్కన పెట్టింది. ఆ చెంబు చూసి అత్తకి దుఃఖం పొంగుకొచ్చింది.

పొద్దున్నే మేనకోడలు వెళ్ళి తన గైడుకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. గైడు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, చేసిందెవరని అడిగింది. మా అత్త అని చెప్పడానికి ఆ పిల్ల పడ్డ అవస్థ ఆ పిల్లకే తెలుసు. చేరిన ప్రతివాళ్ళనీ పిలిచి, ఎవరు ఏం చేశారో అడిగి రాసుకు రమ్మంది గైడు. ఆ తర్వాత కమిటీ కూర్చుంది. ఈ కొలతలతో డాక్టరేటు ఇవ్వలేమంది. ఇంకో ఏడాది గడువిచ్చి, కొత్తవాళ్ళతో మళ్ళీ చెయ్యమంది. ఈసారి పద్ధతి ఒకటి మార్చమని మేనకోడలే అడిగింది: కాగితం గుంపుకి కూడా, కొలతలు అయిపోగానే వ్యాయామాలు నేర్పాలి, ఆ సంగతి మొదటిరోజే వాళ్ళకి చెప్పాలి. తమ వంతు వస్తుందని తెలిస్తే మనుషులు ఆగుతారని చెప్పింది. కమిటీ ఒప్పుకుంది. అత్తని మాత్రం ఆసుపత్రి ఆవరణలోకి రానివ్వకూడదని గైడు ప్రత్యేకంగా అంది. అన్నప్పుడు నవ్విందో లేదో మేనకోడలు సరిగ్గా చూడలేదు.

ఆ రోజుల్లో ఇంట్లో మాటలు పొడిపొడిగా ఉండేవి. కూర బాగుందా, బాగుంది. గొడుగు తీసుకెళ్ళు, తీసుకెళ్తాను. అత్త రోజూ అద్దం ముందు, క్షమించవే అన్న మాట సాధన చేసేది. ఆ పిల్ల ఎదురుగా వచ్చేసరికి గొడుగు దగ్గరే ఆగిపోయేది.

కమిటీ అయిన రోజు మేనకోడలు పెందలాడే ఇంటికొచ్చింది. అత్త వంటింట్లో గట్టుకి ఆనుకుని బీన్స్ ఈనెలు తీస్తోంది. ఆ పిల్ల గడువు సంగతీ, కొత్త పద్ధతి సంగతీ చెప్పింది. అత్త ప్రాణం కుదుటపడింది. పోనీలే, ఒక ఏడాది పోతే పోయింది, చదువు పోలేదు. క్షమించవే అన్న మాట అప్పటికి నాలుక చివరికి వచ్చింది. అంతలో ఆ పిల్ల అడిగింది.

"కండక్టరు గారు ఒక మాట చెప్పారత్తా. టీచరుగారు మాతో అన్నీ చేయించారు గాని, తను ఒక్కసారి కూడా కాలు ఎత్తలేదమ్మా, కుర్చీ వదల్లేదు అన్నారు. నిజమేనా?"

"డ్రిల్లు టీచర్లు ఎక్కడైనా పరిగెడతారటే? ఈల మాది, పరుగు పిల్లలది."

ఎన్నో ఏళ్ళనుంచి పనికొచ్చిన జోకు అది. ఈసారి పనికిరాలేదు. మేనకోడలి చూపు అత్త మొహం మీద లేదు, ఎడమచేతి మీద ఉంది. ఆ చెయ్యి గట్టు అంచుని పట్టుకుని ఉంది. ఒక్క చేత్తో ఈనెలు తీయడం ఎంత కష్టమో ఎవరికైనా తెలుసు. ఆ పిల్ల చూపు మెల్లగా తిరిగింది. గోడ మీద గుమ్మం నుంచి స్నానాలగది దాకా, చెయ్యెత్తులో, సున్నం ఒక పట్టీలా మాసి ఉంది. ఊగడాన్ని గీతగా చూడటం ఆ పిల్ల వృత్తి. ఇంట్లో గీసి ఉన్న గీతని నాలుగేళ్ళపాటు చూడలేదు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

అత్త బీన్స్ పక్కన పెట్టింది. ఇక దాచడానికేముంది.

"పడ్డప్పటినుంచీనే. చెబితే నువ్వు నన్ను వదిలి బయటికి కూడా వెళ్ళవని చెప్పలేదు. తర్వాతేమో మీ నియమం ఒకటి వచ్చింది. కండక్టరు కొళాయి పట్టుకుంటానని చెప్పినప్పుడు... నేను పట్టుకునేదీ అదే కొళాయి కదే. నాకు లేకపోతే పోయింది, ఆయనకైనా ఉండనీ అనుకున్నాను."

మేనకోడలు కళ్ళు తుడుచుకుంది. ఎవరి కోసం మొదలుపెట్టిందో ఆ మనిషిని గుమ్మం బయట నిలబెట్టి, ఊళ్ళోవాళ్ళందరినీ పలక ఎక్కించింది. నియమం అక్కర్లేదని కాదు. పరిశోధనలో ఉండకూడదంటే ఇంట్లో కూడా నేర్పకూడదని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. తనకి తట్టలేదు, అంతే. ముక్కు కిందున్నది కనిపించదంటారు, మేనకోడలికి చెయ్యి కిందున్న గోడ కనిపించలేదు.

దగ్గరికొచ్చి అత్త వీపు మీద రెండు వేళ్ళు ఆనించింది.

"అత్తా, నువ్వు మొదటి గుంపులో లేవు, రెండో గుంపులోనూ లేవు. నీకు నేర్పకూడదని ఏ కమిటీ రాయలేదు. భుజాలు వెనక్కి."

అత్త భుజాలు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి.

"చూపు ఎదురుగా. కుడికాలు ఎత్తు. గట్టు పట్టుకునే ఎత్తు, నేనున్నాను."

కాలు లేచింది. కొంచెమే. పిల్లి దాటేంత ఎత్తు కూడా లేదు. ఎడమ మోకాలు వణికింది, అరికాలు చల్లబడింది. కిటికీ అవతల ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. అత్త చూపు ఆ తీగ మీద పెట్టింది. చిటికెన వేలు తీసెయ్యమని వెనకనుంచి మెత్తగా వినిపించింది. తీసేసింది. తర్వాతది. తర్వాతది. తన మాటల్నే తనకి తిప్పి చెబుతోంది ఈ పిల్ల. పిల్లలకి ఇన్నాళ్ళు ఇంత కష్టమైన పని చెప్పానా అనుకుంది అత్త.

బొటనవేలు కూడా గట్టు వదిలేసింది.

నాలుగేళ్ళ తర్వాత అత్త దేన్నీ పట్టుకోకుండా నిలబడింది. ఊగింది, సర్దుకుంది, మళ్ళీ ఊగింది. వీపు వెనక మేనకోడలి చేతులు తాకకుండా, దూరం పోకుండా ఉన్నాయి. చివరికి కాలు దానంతటదే నేలకి దిగింది. అత్త గట్టు పట్టుకుని ఊపిరి వదిలి, గెలిచిన పిల్లలా వెనక్కి తిరిగింది.

"ఎంతసేపు నిలబడ్డానే?"

మేనకోడలు చేతిగడియారం వంక చూసుకుని, తల వంచుకుంది.

"కొలవలేదత్తా."

"ఇలాగైతే నీకు డాక్టరేటు ఎలా వస్తుందే పిచ్చిదానా?" అంటూ అత్త ఆ పిల్ల తల దగ్గరికి లాక్కుంది, ఈసారి రెండు చేతులతోనూ.